సాలమంకాలో ఒక సెమిస్టర్: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

విజ్జి_బెజవాడ:
అందరికీ నమస్కారం. మా కాలేజీ ఎక్స్ఛేంజ్‌లో నాకు స్పెయిన్‌లోని సాలమంకా వచ్చింది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా అయిదు నెలలు. అమ్మానాన్నా ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, నాకేమో టెన్షన్. రూమ్ ఇక్కడి నుంచే బుక్ చేసుకోవాలా, వెళ్లాక వెతుక్కోవాలా? నేను పూర్తి వెజ్, అక్కడ గడుస్తుందా? స్పానిష్ ఆరు నెలలుగా నేర్చుకుంటున్నాను, క్లాసులో నెగ్గుకురాగలనా? అన్నిటికంటే ముఖ్యం, అక్కడి మార్కుల్ని మన సీజీపీఏలోకి ఎలా మారుస్తారు?

వరంగల్_టు_వాలెన్సియా:
రూమ్ సంగతి నేను చెప్తా చెల్లీ. ఫొటోలు చూసి డబ్బులు పంపకు. నేను పంపి మునిగాను. బాల్కనీ, కొత్త సోఫా, కిటికీలోంచి ఎండ, అన్నీ ఉన్నాయి ఆ ఫొటోల్లో. ఫియాన్సా అని ఒక నెల అడ్వాన్సు, మొదటి నెల అద్దె, రెండూ కలిపి 700 యూరోలు. రెండు సూట్‌కేసులు ఈడ్చుకుంటూ ఆ అడ్రసుకు పోతే తలుపు తీసింది ఒక ముసలామె. ఆ ఇంట్లో నలభై ఏళ్ల నుంచి ఆమే ఉంటోందట. నా ముఖం చూసి లోపలికి పిలిచి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఆ గ్లాసు పట్టుకుంటే చేతులు వణికినయ్. ఆ డబ్బు మా నాన్న అమ్మ గాజులు కుదువపెట్టి తెచ్చింది. మొదటి వారం హాస్టల్లో దిగు, ఇల్లు నీ కళ్లతో చూడు, కాంట్రాక్టు చేతికొచ్చాకే డబ్బు ఇయ్యి. మునిసిపాలిటీలో చిరునామా నమోదు చేయించుకోవాల్సి వస్తుంది, దాన్ని ఎంపద్రోనమియెంతో అంటారు. దానికి ఓనర్ ఒప్పుకుంటాడా అని ముందే అడుగు.

సాలమంకా_కప్ప:
విజ్జీ, మంచి ఊరు దొరికింది నీకు. నేను 2023లో సరిగ్గా ఆ నెలల్లోనే అక్కడ ఉన్నాను. 1218లో పుట్టిన యూనివర్సిటీ అది. పాత భవనం ముఖద్వారం మీద చెక్కిన పుర్రెల్లో ఒకదాని నెత్తిన చిన్న కప్ప ఉంటుంది. ఎవరూ చూపించకుండా దాన్ని కనిపెట్టిన విద్యార్థి పరీక్షలు పాసవుతాడని అక్కడి నమ్మకం. నాకు మూడో రోజు సాయంత్రం కనిపించింది. ఆ వేళకి అక్కడి రాళ్లన్నీ పసుపు రాసిన గడపల్లా ఉంటాయి. చలికి సిద్ధంగా వెళ్లు, ఊరు 800 మీటర్ల ఎత్తున ఉంది, ఫిబ్రవరి రాత్రులు సున్నా దగ్గర ఉంటాయి. ఎవరైనా "దెబాహో దెల్ రెలోహ్" అంటే ప్లాథా మయోర్‌లో, అంటే ఊరి పెద్ద చౌక్‌లో, గడియారం కింద కలుద్దామని అర్థం.

భాష గురించి బెంగ పెట్టుకోకు. వాళ్లు మాటకి ముందు ఒక "వాలే", వెనక ఒక "వాలే" అంటారు, మనం సరే అన్నట్టు. వాళ్ల నోట్లో వ, బ ఒకటే కాబట్టి అది దాదాపు మన "భలే"లా వినిపిస్తుంది. మొదటి రోజు క్లాసులో ఆ మాట చెవిన పడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రొఫెసర్లని అందరూ పేరు పెట్టి పిలుస్తారు, "తూ" అంటారు, అంటే నువ్వు అని. నువ్వూ అలాగే అను, మొహమాటపడకు.

స్పానిష్_మాస్టర్:
పైన ఇచ్చిన సలహా తప్పు. నేను విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో స్పానిష్ ఎంఏ చేశాను, స్పానిష్ పరీక్ష డెలెలో అన్నిటికంటే పై మెట్టు సీ2 పాసయ్యాను, 14 ఏళ్లుగా హైదరాబాద్‌లో పాఠాలు చెబుతున్నాను. "ఉస్తేద్" అనే మాట "వుయెస్త్రా మెర్థెద్" నుంచి వచ్చింది. మనం పెద్దవాళ్లని తమరు అన్నట్టే అది. కొత్తగా వెళ్లిన విద్యార్థి గురువుని మొదటి రోజే తూ అనకూడదు. ముందు ఉస్తేద్ అనాలి, ఆయనే వద్దంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఈమెయిల్‌లో అయితే మరీ జాగ్రత్త.

సాలమంకా_కప్ప:
మాస్టారూ, నేను చేసింది కూడా అదే. మొదటి వారం ఉస్తేద్ అన్నాను. మా మేడమ్ బోర్డు దగ్గర ఆగిపోయి, "నేనంత ముసలిదానిలా కనిపిస్తున్నానా?" అని అడిగారు. క్లాసులో నలభై మంది తూ అంటుంటే నేనొక్కదాన్నే దూరంగా నిలబడ్డట్టు అయింది. విజ్జికి అలా కాకూడదనే చెప్పాను.

బొగోటా_డైరీ:
స్పెయిన్ ఒక్కటే స్పానిష్ దేశం అన్నట్టు మాట్లాడుతున్నారు మీ ఇద్దరూ. నేను కొలంబియాలో సెమిస్టర్ చేశాను. బొగోటాలో స్నేహితులు, అన్నదమ్ములు కూడా ఒకరినొకరు ఉస్తేద్ అనుకుంటారు. నా రూమ్మేట్ వాళ్ల కుక్కని ఒళ్లో పెట్టుకుని ఉస్తేద్ అనే ముద్దు చేసేవాడు. అర్జెంటీనా వెళ్తే తూ అన్న మాటే వినపడదు, అక్కడ "వోస్". ఉస్తేద్ అంటే మీరు, తూ అంటే నువ్వు అని పుస్తకంలో రాసుకుని వెళ్తే నాలాగే తికమకపడతారు.

స్పానిష్_మాస్టర్:
అమ్మాయి అడిగింది సాలమంకా గురించి. కొలంబియా కుక్కల ప్రస్తావన ఎందుకు? అయిదు నెలలు ఉండొచ్చి వ్యాకరణం చెప్పేవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లు నేర్పిన తప్పులు దిద్దడానికే నాకు ఏడాది పడుతోంది.

సాలమంకా_కప్ప:
ఇది చాలా అన్యాయమైన మాట. ఆ అయిదు నెలలు నేను బేకరీలో, బస్సులో, లైబ్రరీలో ఆ భాషలోనే బతికాను. జ్వరం వస్తే డాక్టర్‌కి ఎక్కడ నొప్పో ఆ భాషలోనే చెప్పుకున్నాను. సర్టిఫికెట్లు చూపించి నా నోరు మూయించకండి.

గోదావరి_ఒడ్డు:
కొట్టుకోకండి బాబూ. మన తెలుగులోనే చూడండి. మా రాజమండ్రిలో మేం తాతగారిని మీరు అంటాం. మా ఆవిడది కరీంనగర్, వాళ్లింట్లో తాతని నువ్వే అంటారు.

వరంగల్_టు_వాలెన్సియా:
అంటే తెలంగాణోళ్లకు మర్యాద తెల్వదనా అన్నా?

గోదావరి_ఒడ్డు:
అయ్యో, ఆ మాట నేనెక్కడన్నాను తమ్ముడూ? వాళ్ల తాత పోయినప్పుడు మా ఆవిడ ఏడ్చినంత మా ఇంట్లో ఎవరం ఎవరికోసమూ ఏడవలేదు. ఆ నువ్వులో ఉన్న దగ్గరితనం గురించే చెప్పబోయాను.

వరంగల్_టు_వాలెన్సియా:
సరే అన్నా, తొందరపడ్డా.

విజ్జి_బెజవాడ:
అందరికీ థ్యాంక్స్. తిండి సంగతి, మార్కుల సంగతి కూడా ఎవరైనా చెప్తారా? మార్కుల గురించే మా నాన్న రోజూ అడుగుతున్నారు.

గ్రనాడా_అమ్మ:
అమ్మా విజ్జీ, మా అమ్మాయి గ్రనాడాలో ఒక సెమిస్టర్ ఉండొచ్చింది. తిండికి మొదట్లో చాలా కష్టపడింది. "సిన్ కార్నే", అంటే మాంసం లేకుండా అని చెబితే చేప ముక్కలు వేసిన సలాడ్ తెచ్చిపెట్టారట. వాళ్ల లెక్కలో చేప మాంసం కాదు, కొన్నిచోట్ల హామోన్ కూడా కాదు. హామోన్ అంటే పంది తొడ, ఉప్పులో ఆరబెడతారు. కూరగాయల వంటకం మీద కూడా చల్లేస్తారు. అందుకని "నీ కార్నే, నీ పెస్కాదో, నీ హామోన్" అని మూడూ విడివిడిగా చెప్పాలి. గుడ్డు తింటే బంగాళదుంప తోర్తియా, అంటే మందపాటి ఆమ్లెట్, ఎక్కడైనా దొరుకుతుంది.

మా అమ్మాయి ఒక పెద్దావిడ ఇంట్లో పేయింగ్ గెస్టుగా ఉండేది. వంటింట్లోకి రానిచ్చేవారు కాదు, రాత్రి భోజనం పదింటికి. నాకిక్కడ నిద్ర పట్టేది కాదు. ఒక ఆదివారం బతిమాలి టమాటా పప్పు చేసి పెట్టిందట. వాళ్లు పప్పుని పొట్టుతోనే ఉడికించి సాసేజ్ ముక్కలు వేసి తింటారు. మన పసుపు పప్పు, పైన ఇంగువ పోపు ఆవిడ ఎన్నడూ చూడలేదు. రెండోసారి వడ్డించుకుని, గిన్నె రొట్టెతో తుడుచుకుని తిన్నారు. మర్నాటి నుంచి ఒక బర్నర్ మా పిల్లకి వదిలేశారు. ఇప్పటికీ పండక్కి ఇద్దరం వాయిస్ మెసేజ్‌లు పంపుకుంటాం. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు, మా అమ్మాయి మధ్యలో చెబుతుంది.

ఒక్క_పాయింటు:
మార్కుల గురించి నేను చెబుతాను, ఎందుకంటే నేను నష్టపోయాను. అక్కడ 10కి 5 వస్తే పాస్. 7 నుంచి నోతాబ్లే, 9 నుంచి సోబ్రెసాలియెంతే. 7 వచ్చిందంటే బాగా చదివే విద్యార్థి కింద లెక్క. నాకు స్టాటిస్టిక్స్‌లో 7.2, మైక్రో ఎకనామిక్స్‌లో 6.8 వచ్చాయి. మాతో ఉన్న స్పానిష్ పిల్లలు వచ్చి అభినందించారు. తిరిగొచ్చాక మా కాలేజీ వాటిని నేరుగా 72 శాతం, 68 శాతం అని వేసేసింది. 8.6 ఉన్న నా సీజీపీఏ 8.4కి పడింది. ప్లేస్‌మెంట్లలో ఒక కంపెనీ కటాఫ్ 8.5. ఆ రోజు హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

కాబట్టి టికెట్ కొనే ముందే మీ డిపార్ట్‌మెంట్‌తో లెర్నింగ్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించుకో. ఏ సబ్జెక్టు దేనికి సమానం, 7 వస్తే మన దగ్గర ఏ గ్రేడు, రెండూ అందులో రాసి ఉండాలి. నోటిమాట నమ్మకు. కుదిరితే పాస్, ఫెయిల్ లెక్కనే ఎక్కించమని అడుగు. సెమిస్టర్ పూర్తి లోడు 30 ఈసీటీఎస్ క్రెడిట్లు (యూరప్ కాలేజీల క్రెడిట్ లెక్క), ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల చదువు. భాష కొత్త కాబట్టి 24కి ఒప్పుకుంటారేమో చూడు.

విజ్జి_బెజవాడ:
అక్కా, రేపే హెచ్‌ఓడీ సర్‌ని కలుస్తాను. ఇంకొక్కటి. అమ్మ నెయ్యి, పూతరేకులు, పచ్చి కరివేపాకు సర్దుతానంటోంది. పట్టుకెళ్లొచ్చా?

బొగోటా_డైరీ:
నెయ్యి వద్దు. బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తీసుకురాకూడదు. పూతరేకుల్లోనూ నెయ్యే కదా. పచ్చి ఆకులకి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ అడుగుతారు. కరివేపాకు పొడి, కందిపొడి, ఆవకాయ పెట్టుకో. ఆవకాయకి రెండు కవర్లు చుట్టు.

స్పానిష్_మాస్టర్:
విజ్జీ, వెళ్లేలోపు వారానికి ఒక గంట మాట్లాడించడానికి నేను సిద్ధం, ఫీజు వద్దు. కప్ప గారూ, అయిదు నెలల మాట అనకుండా ఉండాల్సింది. క్షమించండి. ఈమెయిల్‌లో ఉస్తేద్ అనాలన్న దాని మీద మాత్రం నేను మారను.

సాలమంకా_కప్ప:
ఈమెయిల్ వరకు ఒప్పుకుంటాను మాస్టారూ.

వరంగల్_టు_వాలెన్సియా:
నా 700 గురించి ఎవరూ ఏం చెప్పలే. పోలీస్ స్టేషన్‌లో కంప్లయింట్ రాసిచ్చిన, దాని కాగితం నా దగ్గరే ఉంది. ఇండియాకు వచ్చినంక ఆ కాగితంతో బ్యాంకులో ఎవరైనా డబ్బు వాపసు తెచ్చుకున్నారా? ఉంటే చెప్పండి.