డాలస్‌లో ఫౌండేషన్ కుంగితే వెంటనే పియర్లు దించాలా, ముందు నీళ్ల సంగతి చూడాలా?

ఫ్రిస్కో_ఇల్లు:
ఇటు సొంతిల్లున్న వాళ్లు కాస్త చెప్పండి. ఎండలు ముదిరాక మా ఇంటి పడమటి మూల కుంగింది. బెడ్‌రూమ్ తలుపు గడియ పడట్లేదు, బయట ఇటుక గోడ మెట్లుమెట్లుగా పగిలింది. రిపేరు కంపెనీ మనిషి చూసి, చుట్టూ పియర్లు (ఫౌండేషన్‌ను మోయడానికి కింద లోతుగా దించే స్తంభాలు) దించాల్సిందే అన్నాడు. ఈ వారంలో సంతకం పెడితే డిస్కౌంటట. ఒకటే టెన్షన్‌గా ఉంది.

రేగడి_ఇంజనీర్:
సంతకం పెట్టకండి. ఇక్కడి బ్లాక్‌ల్యాండ్ మట్టి మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. మన ఇళ్ల కింది కాంక్రీటు స్లాబులు నేరుగా దాని మీదే కూర్చుంటాయి. పియర్ ఇంటిని కిందికి దిగకుండా ఆపుతుంది గానీ, రేపు వానలకు మట్టి ఉబ్బి నడిమి గదులను పైకి నెడితే ఏమీ చేయలేదు.

ముందు రిపేర్లు అమ్మని స్ట్రక్చరల్ ఇంజనీరుతో నేల ఎత్తులు కొలిపించండి. టెక్సస్‌లో ఇంజనీర్లు వాడే లెక్క ప్రకారం 30 అడుగుల పొడవులో 1 అంగుళం దాకా వంపును మామూలుగా ఒప్పుకుంటారు. తర్వాత ప్లంబరును పిలిచి, స్లాబు కింది డ్రైన్లు మూసి, నీళ్లు నింపి, మట్టం దిగుతుందేమో చూడమనండి. నడుమ పైపు కారుతుంటే అక్కడి మట్టి ఉబ్బుతుంది. అప్పుడు నిజంగా లేచింది నడిమి భాగమైనా, కుంగినట్టు కనిపించేది మూల.

ప్లేనో_పద్మ:
గోడ పక్క మట్టిని తడుపుతూ ఉంటే సర్దుకుంటుందని కొందరంటారు, నేను ఒప్పుకోను. మాకు గోడ పక్కనే పెద్ద ఓక్ చెట్టు. వేసవంతా సోకర్ హోస్ (పొడవునా నీళ్లు ఊరే గొట్టం) పెట్టినా పగులు పెరుగుతూనే వచ్చింది. పియర్లు పడ్డాకే ఆగింది. పైగా 2011 లాంటి కరవొస్తే నీళ్ల మీద ఆంక్షలుంటాయి, అప్పుడేం చేస్తారు?

రేగడి_ఇంజనీర్:
పద్మగారూ, మీ ఇంటికి పియర్లు సరైనవే అయ్యుంటాయి. వేర్లు లోతు నుంచి తేమ లాగేస్తుంటే పైన పెట్టే హోస్ చాలదు. నేనడిగేది కొలతలు లేకుండా సంతకం ఎందుకని. వారంటీ కాగితం కూడా చదవాలి. చాలావాటిలో వాళ్లు వేసిన పియర్లను మళ్లీ సరిచేయడమే ఉంటుంది, పైపులూ గోడలూ మన ఖర్చే.

అలెన్_కుర్రాడు:
అన్నా, పియర్ల బదులు స్లాబు కింద ఉబ్బే ఫోమ్ ఎక్కిస్తే చవక కదా?

రేగడి_ఇంజనీర్:
డ్రైవ్‌వేకి, పాటియోకి బాగుంటుంది తమ్ముడూ. ఇంటి కింద మట్టి కదిలితే ఫోమ్ దాంతోపాటే కదులుతుంది. గ్యారేజీ నేల మీద పోస్ట్ టెన్షన్ అని ముద్ర ఉందేమో చూడు. ఉంటే లోపల బిగించిన కేబుళ్లుంటాయి. అవెక్కడున్నాయో చూడకుండా డ్రిల్లు పెట్టనివ్వకూడదు, ప్రమాదం.

ఫ్రిస్కో_ఇల్లు:
సంతకం ఆపేశాను. ప్లంబర్‌ని పిలిచాను. పైపులు బాగుంటే ఇక పియర్లకు వెళ్లొచ్చా?

రేగడి_ఇంజనీర్:
ఇంజనీరు రిపోర్టు అదే చెబితే వెళ్లండి. ఇంటిని లేపాక కూడా పైపుల టెస్టు ఇంకోసారి చేయించండి. లేపేటప్పుడు పాత అతుకులు ఊడుతుంటాయి. ఆ రెండో టెస్టు ఖర్చు ఎవరిదో కాంట్రాక్టులో ముందే రాయించుకోండి.