ఆన్‌లైన్‌లో సమాజశాస్త్రం తొలి కోర్సు: వింటే అర్థమవుతోంది, రాయబోతే రావడం లేదు

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి)

అందరికీ నమస్కారం. నేను తిరుపతి బస్టాండుకు దగ్గరలో ఒక లాడ్జిలో రిసెప్షన్, లెక్కలు రెండూ చూసుకుంటాను. బి.కాం. పూర్తయి తొమ్మిదేళ్లు దాటింది. వచ్చే ఏడాది ఎం.ఎస్.డబ్ల్యూ.లో (సమాజ సేవలో పి.జి.) చేరాలని గట్టిగా అనుకుంటున్నాను. డిగ్రీలో సమాజశాస్త్రం అసలు చదవలేదు కాబట్టి, ముందుగా దాని పునాది ఏమిటో తెలుసుకుందామని కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో డిగ్రీ స్థాయి పరిచయ కోర్సులో చేరాను. మూడు వారాల పాఠాలు విన్నాను.

పాఠం వింటున్నంతసేపూ ప్రతి మాటా తెలిసినట్టే ఉంటుంది. కుటుంబం, కులం, హోదా, ఆచారం, ఇవన్నీ పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే కదా అనిపిస్తుంది. తీరా అసైన్‌మెంటు రాయడానికి కూర్చుంటే, అంతస్తుకూ పాత్రకూ ఉన్న తేడాను ఉదాహరణతో వివరించమన్న ఒక్క ప్రశ్నకు రెండు గంటలు పట్టింది. రాసిన నాలుగు వాక్యాలు కూడా వీడియోలో విన్నవే. నా సొంత మాట ఒక్కటీ లేదు.

ఎదురుగా అధ్యాపకుడు లేకుండా ఈ శాస్త్రాన్ని నేర్చుకోవడం సాధ్యమేనా? పాఠాలు ఇంగ్లీషులో ఉన్నాయి, నా ఆలోచన తెలుగులో నడుస్తుంది, ఈ రెంటినీ ఎలా కలుపుకోవాలి? చివరిగా, ఈ సర్టిఫికెట్ పి.జి. ప్రవేశంలో ఏమైనా పనికొస్తుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (చంద్రగిరి)

మీ చివరి ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పగలను. స్వయం కోర్సుల క్రెడిట్లు (కోర్సు పూర్తి చేస్తే డిగ్రీ లెక్కలో చేరే పాయింట్లు) బదిలీ కావాలంటే మీరు ఆ సమయానికి ఏదో ఒక కళాశాలలోనో విశ్వవిద్యాలయంలోనో విద్యార్థిగా ఉండాలి, ఆ సంస్థ ఆ కోర్సును ముందుగా ఆమోదించి ఉండాలి. యూజీసీ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ఒక సెమిస్టర్‌లోని కోర్సులలో 40 శాతం వరకు ఇలా ఆన్‌లైన్‌లో చేయడానికి విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చు. మీరు ప్రస్తుతం ఎక్కడా చదవడం లేదు కాబట్టి అది మీకు వర్తించదు. పాఠాలు వినడం ఉచితం, పరీక్షకు మాత్రం ఫీజు ఉంటుంది. మీకు కావలసింది పునాదే అయితే, పరీక్ష రాయాలా వద్దా అన్నది తర్వాత నిర్ణయించుకున్నా నష్టం లేదు.

జవాబు 2 (చిత్తూరు, విశ్రాంత అధ్యాపకుడు)

అమ్మా, మీరు రాసిన ఇబ్బంది ఆన్‌లైన్ వల్ల వచ్చింది కాదు. తరగతి గదిలో నా ఎదుట కూర్చున్న పిల్లలకూ ఏటా ఇదే ఇబ్బంది వచ్చేది. భౌతికశాస్త్రం చదివేవాడికి తనకు తెలియదన్న సంగతి మొదటి రోజే తెలుస్తుంది. సమాజశాస్త్రం చదివేవాడికి మాత్రం అన్నీ ముందే తెలుసునన్న భ్రమ ఉంటుంది. ఎందుకంటే అందులోని పదాలన్నీ మనం వీధిలో వాడుకునేవే, కాకపోతే ఆ శాస్త్రం వాటికి వేరే అర్థం ఇచ్చుకుంది.

స్టేటస్ అన్న మాటనే తీసుకోండి. వాళ్లకు చాలా స్టేటస్ ఉందని మనం అన్నప్పుడు డబ్బూ, పేరూ, కారూ గుర్తుకొస్తాయి. మానవశాస్త్రవేత్త రాల్ఫ్ లింటన్ 1936లో ఈ పదానికి నిర్వచనం చెప్పినప్పుడు అతని ఉద్దేశం గొప్పతనం కాదు, సమాజంలో ఒక మనిషి నిలబడిన స్థానం మాత్రమే. కూతురు కావడం ఒక స్థానం, లాడ్జి రిసెప్షనిస్టు కావడం ఒక స్థానం, గదులు ఊడ్చే మనిషిది కూడా ఒక స్థానమే. మొదటిది పుట్టుకతో వచ్చింది, మిగిలినవి మనం చేరుకున్నవి. ఆ స్థానంలో ఉన్న మనిషి ఏం చేయాలని నలుగురూ ఎదురుచూస్తారో అది పాత్ర. తెలుగు పాఠ్యపుస్తకాలలో దీన్నే అంతస్తు, పాత్ర అంటారు. అంతస్తు అన్న తెలుగు మాట కూడా మళ్లీ డబ్బునే స్ఫురింపజేస్తుంది కాబట్టి, మీ నోటుపుస్తకంలో స్థానం అని రాసుకున్నా తప్పు లేదని నా అభిప్రాయం. సంస్థ అన్న మాటా ఇలాంటిదే. పత్రికలో సంస్థ అంటే కంపెనీ, పాఠంలో సామాజిక సంస్థ అంటే వివాహం, కుటుంబం వంటి స్థిరపడిన కట్టుబాట్లు. అలాగే సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో ప్రచారంలోకి తెచ్చిన సంస్కృతీకరణం అన్న పదాన్ని చూసి, అది సంస్కృత భాష నేర్చుకోవడమని రాసిన జవాబుపత్రాలను నేను ఎన్నో దిద్దాను. కింది స్థాయిదిగా చూడబడిన కులం, పై కులాల ఆచారాలనూ జీవన పద్ధతినీ అనుసరిస్తూ తన స్థానాన్ని పెంచుకోవడానికి చేసే ప్రయత్నం అది.

భాష విషయంలో మీరు నష్టపోయారని అనుకోవద్దు. బంధుత్వం గురించిన పాఠం వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది. ఇంగ్లీషులో అమ్మ తమ్ముడూ నాన్న తమ్ముడూ ఇద్దరూ ఒకే అంకుల్. మనకు ఒకరు మేనమామ, ఇంకొకరు చిన్నాన్న, ఆ ఇద్దరి పిల్లలతో మనకున్న వరుసలు పూర్తిగా వేరు. మేనత్తనూ భర్త తల్లినీ అత్త అనే పిలుస్తాం, మేనమామనూ పిల్లనిచ్చినవాణ్నీ మామ అనే పిలుస్తాం. మేనరికం ఆచారంగా ఉన్నచోట ఆ ఇద్దరూ ఒక్కరే అయ్యే అవకాశం ఉండేది కాబట్టి, పిలుపూ ఒక్కటే అయిందని అనేకమంది పండితులు వివరించారు. అమెరికన్ మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లోనే ప్రపంచంలోని బంధుత్వ పదాలను పట్టికలుగా ప్రచురించినప్పుడు తమిళ, కన్నడ పదాలతో పాటు తెలుగు పదాలనూ అందులో చేర్చాడు. అంటే మీ ఇంట్లో రోజూ వినిపించే పిలుపులు ఈ శాస్త్రానికి నూటయాభై ఏళ్లుగా ముడిసరుకు. ఇంగ్లీషులో ఆ పాఠం చెప్పే ఆచార్యుడు పదిహేను నిమిషాలు కష్టపడి వివరించేదాన్ని మీరు చిన్నప్పుడే నేర్చుకుని ఉన్నారు.

చదవడానికి వస్తే, వీడియోకు ముందే ఎన్‌సీఈఆర్‌టీ వారి పదకొండో తరగతి సమాజశాస్త్రం పుస్తకాలు రెండూ చదవండి. వారి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి, ఇంగ్లీషు సులువుగా ఉంటుంది. పక్కన తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకం పెట్టుకుంటే పదాలకు తెలుగు దొరుకుతుంది. ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) పాఠాలు వారి ఈజ్ఞాన్‌కోశ్ వెబ్‌సైటులో ఉన్నాయి. వీడియో అన్నిటికంటే చివర చూడండి. చాలామంది మొదట వీడియో చూసి, అర్థమైందన్న తృప్తితో పుస్తకం తెరవరు. మీరు రాసింది చదివితే, జరిగింది అదేననిపిస్తోంది.

జవాబు 3 (రేణిగుంట)

అక్కా, నేను ఆసుపత్రి ల్యాబులో షిఫ్టుల మీద పనిచేస్తూ ఇలాంటి కోర్సునే రెండో ప్రయత్నంలో పూర్తి చేశాను. మొదటిసారి వారాంతంలో అన్నీ కలిపి చూద్దామని వాయిదా వేస్తూ పోయాను, అసైన్‌మెంట్ల గడువులు దాటిపోయాయి. ఇగ్నో లెక్క ప్రకారం ఒక క్రెడిట్‌కు 30 గంటల చదువు కావాలి. నాలుగు క్రెడిట్ల కోర్సును 12 వారాల్లో చేయాలంటే వారానికి 10 గంటలు. వీడియోలు అందులో చిన్న భాగమే. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే మొదటి ప్రయత్నం వృథా అయ్యేది కాదు.

సార్ చెప్పినదానికి నా అనుభవం ఒకటి చేరుస్తాను. మతం గురించిన పాఠంలో ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త దుర్ఖైమ్ చెప్పిన సామూహిక ఉద్వేగం (నలుగురూ ఒకచోట చేరి ఒకే ఆచారం చేసేటప్పుడు అందరిలో ఒక్కసారిగా పొంగే ఉత్సాహం) అన్న భావన నాకు ఎంత చదివినా పట్టుబడలేదు. ఆ మే నెలలో తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వెళ్లాను. ప్రతి ఏడూ వెళ్లేదాన్నే, ఈసారి మాత్రం చిన్న నోటుపుస్తకం తీసుకుని వెళ్లాను. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం ఏయే రోజున వస్తాయో, చీర కట్టుకుని మొక్కు తీర్చుకునే మగవాళ్లతో దారిన పోయేవాళ్లు ఎలా మాట్లాడుతున్నారో, మామూలు రోజుల్లో అదే మనిషి చీర కడితే ఎలా మాట్లాడతారో పక్కపక్కన రాసుకున్నాను. ఆడవాళ్లను హింసించిన పాలెగాణ్ని పట్టుకోవడానికి అమ్మవారు వేషాలు మార్చిందన్న కథ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అయితే ప్రధాన వేషాలు వేసే బాధ్యత వంశపారంపర్యంగా ఒక కుటుంబానికి ఎందుకు ఉంది, శ్రీవారి చెల్లెలిగా భావించి తిరుమల నుంచి సారె పంపడం వల్ల కొండ మీది ఆలయానికీ ఊరి దేవతకూ ఎలాంటి బంధం ఏర్పడుతోంది అన్న ప్రశ్నలు మాత్రం ఆ నోటుపుస్తకం చేతిలో ఉన్నందువల్లే పుట్టాయి. భక్తి ఏమీ తగ్గలేదు. మొక్కు కూడా ఎప్పటిలాగే తీర్చుకున్నాను. తిరిగివచ్చి దుర్ఖైమ్ పాఠం చదివితే ప్రతి వాక్యానికీ ఒక ముఖం కనిపించింది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. నోటుపుస్తకంలో ఎవరి పేర్లూ రాయకండి. పక్కింటివాళ్లు మన చదువుకు ఉదాహరణలు కావడానికి ఒప్పుకున్నవాళ్లు కారు.

ప్రశ్న అడిగినవారు (కొర్లగుంట)

అందరికీ కృతజ్ఞతలు. సార్ చెప్పినట్టు వీడియో పక్కనపెట్టి, పుస్తకం చదివి, నిన్న రాత్రి డ్యూటీలో ఒక పేరా రాశాను. తప్పులుంటే దయచేసి దిద్దండి.

“బ్రహ్మోత్సవాల రోజుల్లో మా పెద్దమ్మ కొడుకు కుటుంబంతో వచ్చి గది అడుగుతాడు. చెల్లెలిగా గది ఇప్పించడం నా బాధ్యత. ఉన్న గదులన్నీ ముందే బుక్ చేసుకున్న యాత్రికులకు ఇవ్వడం రిసెప్షనిస్టుగా నా బాధ్యత. ఇది పాత్రల సంఘర్షణ. అలాగే యజమాని అద్దె తగ్గించవద్దంటాడు, చంటిబిడ్డతో అర్ధరాత్రి వచ్చిన యాత్రికురాలు తగ్గించమని వేడుకుంటుంది, గది శుభ్రం చేసే ఆమె ఇంకో పది నిమిషాలు ఆగమంటుంది. ఇది కూడా పాత్రల సంఘర్షణ.”

జవాబు (చిత్తూరు)

అమ్మా, మొదటి ఉదాహరణ చక్కగా ఉంది. తిరుపతిలో ఇల్లున్న ప్రతి ఒక్కరికీ గదుల కోసమో దర్శనం టికెట్ల కోసమో బంధువుల నుంచి ఫోన్లు వస్తాయి కాబట్టి, అది ఈ ఊరి ఉదాహరణ కూడా. అక్కడ చెల్లెలు, ఉద్యోగిని అనే రెండు వేర్వేరు స్థానాల మధ్య మీరు నలిగారు, అది నిజంగా పాత్రల సంఘర్షణే.

రెండోదాన్ని వేరు చేయండి. యజమాని, యాత్రికురాలు, శుభ్రం చేసే ఆమె ముగ్గురూ మీ ఒకే స్థానాన్ని, అంటే రిసెప్షనిస్టు స్థానాన్ని చూసే మిమ్మల్ని అడుగుతున్నారు. ఒక స్థానం చుట్టూ అల్లుకున్న ఇలాంటి సంబంధాలన్నిటినీ కలిపి సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1957లో పాత్రల సముదాయం అన్నాడు. ఒకే పాత్రలోని ఎదురుచూపులు ఒకదానితో ఒకటి పొసగక కలిగే ఒత్తిడిని 1960లో విలియం గూడ్ పాత్ర ఒత్తిడిగా వివరించాడు. చివరి వాక్యంలో సంఘర్షణ తీసేసి ఒత్తిడి అని మార్చండి. ఆ రెండు ఉదాహరణలకూ తేడా ఎక్కడుందో మరో రెండు వాక్యాలలో మీ మాటలతోనే రాసి పంపండి, అసైన్‌మెంటుకు కావలసిన జవాబు దానితో పూర్తవుతుంది.