వేర్వేరు దేశాల భవనాల శక్తి లెక్కలు ఒకే పట్టికలో కలిపేటప్పుడు తేడాలు ఎక్కడ వస్తున్నాయి?

సమన్వయం:
నాలుగు దేశాల బృందాలు కలిసి పాత ఆఫీసు భవనాల విద్యుత్తు, గ్యాస్ వాడకం, మరమ్మతు తర్వాత మిగిలిన ఆదా ఒకచోట చేర్చాలనుకుంటున్నాయి. అందరూ పంపేది "చదరపు మీటరుకు ఏడాదికి ఇన్ని యూనిట్లు" అనే. అయినా ఒకే తరహా భవనాలకు రెండింతల తేడా వస్తోంది. అందరికీ ఐఎస్ఓ ప్రమాణాలే ఆధారం, మరి తేడా ఎందుకు? ముందే ఏమేం ఒప్పుకుని రాసుకోవాలి?

లెక్కలమాస్టారు:
మొదట విస్తీర్ణం చూడండి. సగం తగువు అక్కడే తీరుతుంది. ఏడాదికి 2,40,000 యూనిట్లు వాడే భవనం ఉందనుకోండి. బయటి గోడలతో సహా కొలిస్తే 2,000 చదరపు మీటర్లు, అంటే 120 యూనిట్లు. ఏసీ లేదా హీటింగ్ ఉన్న గదులే లెక్కిస్తే 1,600, అంటే 150 యూనిట్లు. ఒక్క బల్బు మార్చకుండానే 25 శాతం తేడా! సెల్లార్ పార్కింగ్, మెట్లు, లిఫ్టు బావి, సర్వర్ గది కలిపారో లేదో విడివిడిగా అడగండి. ఐపీఎంఎస్ అనే అంతర్జాతీయ విస్తీర్ణ కొలత పద్ధతిని అందరూ ఒప్పుకుంటే మంచిది. కుదరకపోతే రెండు విస్తీర్ణాలూ రాయించండి.

రెండోది, మీటరు దగ్గర కొలిచిన శక్తా, ప్రాథమిక శక్తా (దాన్ని తయారుచేసి తెచ్చేందుకు మొత్తం ఖర్చైన ఇంధన శక్తి)? మొదటిదాన్ని రెండోదిగా మార్చడానికి విద్యుత్తుకు ఐరోపా సంఘం ఇచ్చిన డిఫాల్ట్ గుణకం 2.5 ఉండేది. 2018లో 2.1 చేశారు, 2023లో 1.9 చేశారు. ఏ పనీ చేయని భవనం కూడా కాగితం మీద బాగుపడినట్టు కనిపిస్తుంది. ఐఎస్ఓ 52000-1 ఇచ్చేది లెక్క చట్రమే. గుణకాలు, సరిహద్దులు ఏ దేశానికి ఆ దేశం అనుబంధంలో ఎంచుకోవచ్చు. "మేం ఐఎస్ఓ ప్రకారమే చేశాం" అంటే చాలదు, ఆ అనుబంధం కూడా పంపమనండి.

మూడోది గ్యాస్. పొగలోని ఆవిరి వేడిని కూడా కలిపే ఎగువ ఉష్ణ విలువకు, కలపని దిగువ విలువకు సహజవాయువులో సుమారు 10 శాతం తేడా. బాయిలర్ సామర్థ్యం 107 శాతం అని ఎవరైనా రాస్తే కంగారు పడకండి, అది దిగువ విలువ మీద కట్టిన లెక్క. ఎగువ విలువ మీద అది 96–97కు దిగుతుంది.

50పాస్కల్:
గాలి లీకేజీ అంకెల్లో ఇంకా పెద్ద గందరగోళం ఉంది. ఫ్యానుతో లోపలా బయటా 50 పాస్కల్స్ పీడన తేడా పెట్టినప్పుడు వచ్చే గాలి ప్రవాహాన్ని కొందరు భవనం ఘనపరిమాణంతో భాగిస్తారు, అది ఎన్50. కొందరు బయటి కవచం విస్తీర్ణంతో భాగిస్తారు, అది క్యూ50. చిన్న ఇల్లు: 300 ఘనపు మీటర్లు, కవచం 300 చదరపు మీటర్లు, ప్రవాహం గంటకు 600 ఘనపు మీటర్లు. రెండూ 2.0 వస్తాయి. పెద్ద ఆఫీసు: 20,000 ఘనపు మీటర్లు, కవచం 5,000, ప్రవాహం 10,000. క్యూ50 అదే 2.0, ఎన్50 మాత్రం 0.5. గోడల నాణ్యత ఒకటే, అయినా పాసివ్‌హౌస్ (అతి తక్కువ శక్తి వాడే భవనాల ప్రమాణం) ఎన్50 పరిమితి 0.6 కంటే తక్కువ వచ్చి ఆఫీసు దర్జాగా పాసవుతుంది. పెద్ద భవనాలకు క్యూ50 అడగండి.

ఈ లీకేజీ పరీక్ష ప్రమాణం ఐఎస్ఓ 9972లో ఏ పద్ధతి వాడారో కూడా రాయించాలి. మొదటి పద్ధతిలో సహజ వెంటిలేషన్ రంధ్రాలను మూస్తే చాలు, యాంత్రిక వెంటిలేషన్, ఏసీ రంధ్రాలను మాత్రం సీలు చేస్తారు. రెండో పద్ధతిలో కావాలని పెట్టిన రంధ్రాలన్నిటినీ సీలు చేస్తారు. ఇక ఎత్తైన భవనాల్లో లోపలా బయటా ఉష్ణోగ్రత తేడాను ఎత్తుతో గుణించండి. 250 దాటితే ఆ రోజు పరీక్ష పెట్టుకోవద్దు. 25 మీటర్ల భవనం, 10 డిగ్రీల తేడా ఉంటే అప్పటికే హద్దులో ఉన్నట్టు. ఫ్యాను ఆపి కొలిచిన పీడనం సగటు 5 పాస్కల్స్ దాటితే ఆ ఫలితం చెల్లదు.

గాజుగోడ:
కిటికీల యూ విలువదీ (చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు ఎంత వేడి దాటిపోతుందో చెప్పే అంకె) ఇదే తంతు. అమెరికా ఎన్ఎఫ్ఆర్‌సీ (కిటికీల రేటింగు సంస్థ) పద్ధతిలో బయట మైనస్ 18, లోపల 21 డిగ్రీలు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 673లో గాజు పొరల మధ్య 15 డిగ్రీల తేడా, సగటు 10. తేడా ఎక్కువైతే గాజుల నడుమ ఖాళీలో వాయువు సుడులు తిరుగుతుంది, కాబట్టి ఖాళీ వెడల్పుగా ఉన్న యూనిట్‌కు రెండు పద్ధతుల్లో రెండు యూ విలువలు వస్తాయి. పైగా ఎంత ఎండ వేడి లోపలికి వస్తుందో చెప్పే అమెరికా వాళ్ల ఎస్‌హెచ్‌జీసీ ఫ్రేముతో సహా మొత్తం కిటికీది, ఐరోపా కేటలాగుల్లో అదే చెప్పే జీ విలువ గాజుది మాత్రమే. ఆ రెండూ ఒకే కాలమ్‌లో పెట్టారంటే ఎండ వేడి లెక్క గోవిందా.

యూనిట్ల మార్పిడి: అమెరికా యూ విలువను 5.678తో గుణిస్తే మన వాట్ లెక్క వస్తుంది. వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే ఆర్ విలువనైతే అదే అంకెతో భాగించాలి. తిరగేసి చేసేవాళ్లే ఎక్కువ.

కంప్రెసర్:
ఏసీ రేటింగులను అసలు పోల్చకండి. అమెరికా ఏసీల సీజన్ సామర్థ్య అంకె సీర్‌ను 3.412తో భాగిస్తే యూనిట్లు కలుస్తాయి, అర్థం కలవదు. ఏడాదిలో ఏ ఉష్ణోగ్రత ఎన్ని గంటలుంటుందన్న పట్టిక దేశానికో రకం. ఐఎస్ఓ 16358 పద్ధతిలో కూడా ఆ పట్టిక మార్చుకోవచ్చు, అంటే అదే మెషిన్‌కు రెండు దేశాల్లో రెండు అంకెలు. ముడి పరీక్ష ఫలితాలు అడగండి: పూర్తి లోడు, సగం లోడు, బయట 35, 29 డిగ్రీల దగ్గర ఎన్ని వాట్లు తీసుకుని ఎన్ని వాట్ల చల్లదనం ఇచ్చింది. వేడి దేశాలు ఉంటే ఐఎస్ఓ 5151లోని టీ3 పరీక్ష, అంటే బయట 46 డిగ్రీలు, అది కూడా కావాలి.

రిఫ్రిజరెంట్ (ఏసీలో చల్లదనం మోసే వాయువు) పేరు, బరువు తప్పనిసరి. ఆర్410ఏ భూతాప సూచిక 2,088, ఆర్32ది 675. ఇలాంటి రిఫ్రిజరెంట్లను తగ్గించాలన్న కిగాలి సవరణ 2019 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, తగ్గించే గడువులు మాత్రం దేశాల వర్గాన్ని బట్టి వేరు. ఒక దేశంలో సరైన సిఫార్సు ఇంకో దేశంలో చెల్లకపోవచ్చు.

తడిగోడ:
ఇక్కడంతా అంకెలే నడుస్తున్నాయి. అంకె తప్పితే పట్టిక పాడవుతుంది, డ్రాయింగ్ తప్పితే గోడే పాడవుతుంది. చలి దేశపు వివరణ చిత్రంలో ఆవిరి అడ్డుపొర లోపలి వైపు ఉంటుంది, ఎందుకంటే తేమ లోపలి నుంచి బయటికి పోతుంది. ఉక్కపోత దేశంలో ఏసీ నడిచే భవనానికి దాన్నే అతికిస్తే బయటి తేమ గోడలోకి వచ్చి చల్లని పొర వెనక నీరవుతుంది. ఆరే దారి ఉండదు, ఏడాది తిరక్కుండానే బూజు పడుతుంది. లోపల వినైల్ వాల్‌పేపర్ అంటించినా అదే జరుగుతుంది. గోడలోని తేమకు ఐఎస్ఓ 13788 ఇచ్చే నెలవారీ లెక్క వర్షపు తడిని, గోడలో ముందే ఉన్న నీటిని పట్టించుకోదు. ఉక్కపోత ప్రాంతాలకు ఈఎన్ 15026 తరహా గంటవారీ సిమ్యులేషన్ చేయించండి.

సమన్వయం:
అయితే మార్పిడి సూత్రాలన్నీ ఒక షీటులో పెట్టి, అందరూ మార్చి పంపేలా చేస్తే సరిపోతుందా?

లెక్కలమాస్టారు:
వద్దండీ. ఎవరికి వారు మార్చి పంపితే పొరపాటు ఎక్కడ జరిగిందో పట్టుకోలేం. ముడి మీటరు రీడింగులే తీసుకోండి, మార్పిడి ఒక్కచోటే జరగాలి.

బేస్‌లైన్:
ముడివి తీసుకోవడం మంచిదే, కానీ ఆదా లెక్కకు అవొక్కటే చాలవు. వాతావరణం సరిచేయాలి. ఒకరు డిగ్రీ డేలు (బయటి ఉష్ణోగ్రత ఒక హద్దు కంటే ఎన్ని డిగ్రీలు తగ్గిందో రోజులవారీ మొత్తం) 18.3 డిగ్రీల దగ్గర కడతారు, ఇంకొకరు 15.5 దగ్గర. ఏ అంకెనూ గుడ్డిగా పట్టుకోకండి. కంప్యూటర్లు, మనుషులు ఎక్కువగా ఉన్న ఆఫీసుకు హీటింగ్ మొదలయ్యే ఉష్ణోగ్రత ఇంకా తక్కువ ఉంటుంది. ఒక్కో డిగ్రీ మారుస్తూ వాతావరణానికీ వాడకానికీ సంబంధం కట్టే రిగ్రెషన్ వేసి, బాగా కుదిరినదాన్ని ఉంచుకోండి. బేస్‌లైన్‌కు, అంటే మరమ్మతుకు ముందటి వాడకానికి, కనీసం 12 నెలల డేటా కావాలి. నమూనా అంచనాకు, అసలు రీడింగుకు తేడా చూపే సీవీ-ఆర్ఎంఎస్ఈ శాతం అమెరికా ఇంజనీర్ల సంఘం ఆష్రే ఇచ్చిన గైడ్‌లైన్ 14లోని హద్దు లోపు ఉండాలి.

ఆదా కొలిచే అంతర్జాతీయ పద్ధతి ఐపీఎంవీపీలో ఆప్షన్ సీ, అంటే మొత్తం భవనం మీటరు, ఆదా 10 శాతానికి మించుతుందనుకున్నప్పుడే పనికొస్తుంది. లైట్లు మాత్రమే మార్చి దాన్ని వాడితే ఆదా మీటరు ఊగిసలాటలో కలిసిపోతుంది. అలాంటివాటికి మార్చిన పరికరాలనే విడిగా కొలిచే ఆప్షన్ ఏ లేదా బీ.

గాజుగోడ:
పాత గోడల యూ విలువను పుస్తకంలోంచి ఎత్తి రాస్తే ఒప్పుకోకండి. ఐఎస్ఓ 9869-1 ప్రకారం గోడకు అంటించి దాటిపోయే వేడిని కొలిచే హీట్ ఫ్లక్స్ ప్లేటుతో కనీసం 72 గంటలు కొలవాలి, వాతావరణం ఊగుతుంటే వారం పైనే. లోపలా బయటా 10 డిగ్రీల తేడా ఉండే కాలం చూసుకోవాలి. ప్లేటు వెనక గాలి సందు ఉండకూడదు, ఎండ పడే గోడ వద్దు. చివరి ఫలితానికి, 24 గంటల ముందు వచ్చినదానికి తేడా 5 శాతం లోపుంటేనే ఆపండి.

50పాస్కల్:
గంటవారీ డేటా తీసుకుంటే ఒక చిన్న చిక్కు. కొన్ని మీటర్లు గంట మొదట్లో సమయం వేస్తాయి, కొన్ని చివర్లో. గడియారాలు ముందుకూ వెనక్కూ జరిపే దేశాల్లో ఏడాదికి ఒక రోజు 23 గంటలు, ఒక రోజు 25. అన్నీ ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలోనే అడగండి, స్థానిక సమయం పక్క కాలమ్‌లో ఉంచండి. ఆఫీసు తెరిచే వేళల్ని స్థానిక సమయంతోనే చూడాలి కదా.