జడ్చర్లలో ఆరు పోర్షన్ల ఇల్లు అద్దెల కోసం కొనొచ్చా?

అందరికీ నమస్తే. మాది మహబూబ్‌నగర్. జడ్చర్లలో జీ ప్లస్ టూ (గ్రౌండ్ ఫ్లోర్, దానిపైన రెండు అంతస్తులు) ఇల్లు అమ్మకానికి వచ్చింది. అంతస్తుకు రెండు చొప్పున ఆరు పోర్షన్లు, ధర 78 లక్షలు. పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లోని ఫార్మా కంపెనీలకు వెళ్లేవాళ్లే ఎక్కువగా ఉంటున్నారు కాబట్టి ఖాళీ పడదని యజమాని అంటున్నారు.

నా టెన్షన్ లెక్కల దగ్గరే. ఒక్కో పోర్షన్‌కు 5 వేలు, అంటే నెలకు 30 వేలు, ఏడాదికి 3.6 లక్షలు. పెట్టుబడి మీద 5 శాతం కూడా కాదు. 40 లక్షలు లోన్ తీసుకుంటే 9 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు ఈఎంఐ 36 వేల దాకా పడుతుంది. రెండు పోర్షన్లు ఖాళీ అయితే 16 వేలు జీతంలోంచే కట్టాలి. పైగా రిజిస్ట్రేషన్ ఖర్చు, ఇంటి పన్ను, రంగులు.

ఇల్లు చూస్తే పై అంతస్తు బాత్రూం కింద స్లాబుకు చెమ్మ మరకలున్నాయి. మోటారుకు విడిగా మీటరు లేదు, కింది పోర్షన్ మీటరు నుంచే వైరు లాగారు. అన్నిటికంటే భయం, పర్మిషన్ ప్లాన్‌లో జీ ప్లస్ వన్ మాత్రమే ఉంది. ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) పాత తనఖాలేవీ కనిపించలేదు. లింక్ డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు) లాయరుకు ఇచ్చాను.

ఇలాంటి ఇళ్లు నడుపుతున్నవాళ్లు దయచేసి చెప్పండి: ప్లాన్‌లో లేని అంతస్తు ఉంటే బ్యాంకు లోన్ ఇస్తుందా? ధర ఎంతవరకు తగ్గించమని అడగాలి? లేదా స్థలం కొని నెమ్మదిగా కట్టుకోవడమే నయమా? అమ్మానాన్నల పొదుపు కూడా ఇందులో పెడుతున్నాను, అందుకే ఇంత అడుగుతున్నా.