ఆర్‌పీ ఉన్న పాపకి 30 శాతం సర్టిఫికెట్ ఇచ్చారు, స్కాలర్‌షిప్ వస్తుందా? (పర్లాకిమిడి)

పర్లాకిమిడి_అమ్మ
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో పర్లాకిమిడి, మా ఆయన టైలరింగ్ చేస్తారు. పెద్దమ్మాయి ఎనిమిది చదువుతోంది, వచ్చే ఏడు తొమ్మిదిలోకి వెళ్తుంది. దానికి కళ్ళకి ఆర్‌పీ (రెటినైటిస్ పిగ్మెంటోసా, కంటి రెటీనా జబ్బు) అన్నారు, మాది మేనరికం లెండి. పగలు ముందు బెంచీలో కూచుంటే బోర్డు మీదది చదివేస్తుంది గానీ పక్క నుంచి సైకిల్ వస్తే తెలీదు, దీపాలు పెట్టే వేళయితే గుమ్మం దిగదు, కంచం పక్కన పెట్టిన నీళ్ళ గ్లాసు చెయ్యి తగిలి ఒలికిపోవడం రోజూ ఉన్నదే. క్యాంపులో చార్టు చదివించి వైకల్యం 30 శాతం అని రాసిచ్చీసారు. 40 లేకపోతే ఏ స్కాలర్‌షిప్పూ రాదంట కదా? పాతపట్నంలో మా అన్నయ్య ఏమంటాడంటే పాపని వాళ్ళ రేషన్ కార్డులో ఎక్కించెయ్, ఆంధ్రా పింఛను వస్తుంది అని. ఏం చెయ్యాలో ఎవరైనా చెప్పండి, ఆఫీసుల్లో అడిగితే ఒడియాలో గబగబా ఏదో చెప్పి పంపించేస్తున్నారు.

ఐఈ_టీచర్_గజపతి
అమ్మా, స్కాలర్‌షిప్ సంగతి తర్వాత, ముందు ఆ 30 సంగతి చూడండి. పాపకి ఫీల్డ్ టెస్ట్, అంటే చూపు ఎంత వెడల్పు ఉందో చూసే టెస్ట్, చేశారా? మీరు రాసిన దాన్ని బట్టి చార్టు ఒక్కటే చదివించినట్టుంది. ఆర్‌పీలో నడిమి చూపు చాన్నాళ్ళు బాగానే ఉంటుంది, చుట్టూ ఉన్న చూపే ముందు పోతుంది, అందుకే బోర్డు కనిపిస్తుంది సైకిల్ కనిపించదు. 2016 వికలాంగుల చట్టంలో లో విజన్ అంటే చార్టు ఒక్కటే కాదు, చూపు వెడల్పు 40 డిగ్రీల కంటే తగ్గినా లో విజనే, 10 కంటే తగ్గితే అంధత్వం కిందే లెక్క. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగున్నవాళ్ళకి 30 వేస్తారు, మీ పాపది ఆ కేసు కాదు.

ఆ టెస్ట్‌కి ఒక మిషన్‌లో గడ్డం ఆనించి, నడిమి చుక్క మీంచి చూపు తిప్పకుండా, ఎక్కడ లైటు మెరిస్తే అప్పుడు బటన్ నొక్కమంటారు. పిల్లలు అటూ ఇటూ చూసేస్తే రిపోర్టు తప్పుగా వస్తుంది, కాబట్టి ముందే ఇంట్లో చెప్పి తీసుకెళ్ళండి, నిద్ర మొహంతో తీసుకెళ్ళొద్దు. బరంపురం ఎంకేసీజీ గవర్నమెంటు మెడికల్ కాలేజీలో అడగండి, లేకపోతే విశాఖలో గానీ భువనేశ్వర్‌లో గానీ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రికి వెళ్ళండి. కానీ ఒకటి, ప్రైవేటు ఆస్పత్రిది రిపోర్టు మాత్రమే, సర్టిఫికెట్ ఇవ్వాల్సింది గవర్నమెంటు మెడికల్ బోర్డే. ఆ రిపోర్టు పట్టుకుని వికలాంగ సర్టిఫికెట్లకి పెట్టుకునే స్వావలంబన్ పోర్టల్‌లో మళ్ళీ చూడమని పెట్టుకోండి. వాళ్ళు వేసిన శాతం మీద అప్పీలు చేసుకునే హక్కు కూడా చట్టంలోనే ఉంది, ఎవరూ మీకు దయ చెయ్యక్కర్లేదు.

రాయగడ_నాన్న
అక్కా, మా వాడు పదో క్లాసు, వాడికి వికలాంగ పిల్లలకిచ్చే సెంట్రల్ ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ వస్తోంది. అది తొమ్మిది పది క్లాసులకే, పదకొండు నుంచి పోస్ట్‌మెట్రిక్. అప్లై చేసేది నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో, ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు, 40 శాతం ఉన్న యూడీఐడీ (వికలాంగుల ఐడీ కార్డు) ఉండాలి. ఇంటి నుంచి వెళ్ళే పిల్లలకి నెలకి 500, హాస్టల్ అయితే 800, పుస్తకాలకి ఏడాదికి 1,000, చూపు లేని పిల్లలకి అలవెన్సు ఏడాదికి 4,000. పెద్ద డబ్బేం కాదు, ఆస్పత్రి బస్సు చార్జీలకే సరి, కానీ వదులుకోకండి.

అసలు తలనొప్పి పేర్లక్కా. ఆధార్‌లో ఇంటిపేరు చివర, స్కూల్ రిజిస్టర్లో ముందు ఒక్క పొడి అక్షరం, ఇన్‌కమ్ సర్టిఫికెట్లో తండ్రి పేరు రెండు ముక్కలు, బ్యాంకులో ఒకే ముక్క... మన తెలుగోళ్ళ పేర్లు ఇక్కడ ఎవడికి తోచినట్టు వాడు రాస్తాడు. ఆధార్‌ని చూసి మిగతావన్నీ దానికి సరిపెట్టించండి, అది ఇప్పుడే మొదలెట్టండి, పోర్టల్ తెరిచాక కాదు. పాప అకౌంటుకి ఆధార్ సీడింగ్ (లింకు) అయ్యిందో లేదో బ్యాంకులో అడగండి. ఫారం వేశాక స్కూలు వాళ్ళు ఆన్‌లైన్‌లో వెరిఫై చెయ్యాలి, చెయ్యకపోతే అక్కడే ఉండిపోతుంది, హెడ్‌మాస్టర్ని వదలకండి.

టెక్కలి_కుర్రోడు
మీ లెక్క మీరే చూసుకోండి, ఆంధ్రాలో పింఛను నెలకి 6,000, ఏడాదికి 72,000. ఈ 500 కోసం ఇన్ని తిరుగుళ్ళా? బోర్డర్‌లో చానామంది చేస్తున్నదే కదా, అన్నయ్య చెప్పింది కరెక్టే.

ఐఈ_టీచర్_గజపతి
బాబూ, అక్కడైనా 40 శాతమే అడుగుతారు, 30తో ఎవడూ ఇవ్వడు. ఉండేది ఒక చోట, కార్డు ఇంకో చోట అంటే ఎంక్వైరీలో దొరికిన రోజు ఇటుదీ అటుదీ రెండూ పోతాయి. పైగా రేపు ఒడిశాలో కాలేజీ సీటుకి రెసిడెన్స్ సర్టిఫికెట్ కావాలంటే పాప ఎక్కడిది అని రాయాలి? అమ్మా, ఇక్కడ ఒడిశా వాళ్ళ మధుబాబు పింఛను ఉంది, వికలాంగ స్కూలు పిల్లలకి రాష్ట్రం ఇచ్చే బనిశ్రీ స్కాలర్‌షిప్ ఉంది, రెండూ బ్లాక్‌లో బీఎస్ఎస్ఓ (సోషల్ సెక్యూరిటీ ఆఫీసర్) దగ్గర అడగండి. ఒకే పిల్లకి రెండు స్కాలర్‌షిప్‌లు కుదరవు, సెంట్రల్‌దో రాష్ట్రానిదో ఏది ఎక్కువైతే అది ఎంచుకోండి.

బరంపురం_డిగ్రీ
నాకూ లో విజనే, అందుకని డబ్బు మాటతో పాటు ఇంకో మాట కూడా చెప్తాను. సమగ్ర శిక్ష అనే స్కూలు పథకంలో ఇలాంటి ఆడపిల్లలకి నెలకి 200 చొప్పున పది నెలలు స్టైపెండ్ ఉంది, ఎనిమిదిలోనే అడగొచ్చు, స్కూల్లో రాయించారో లేదో కనుక్కోండి. ఆ తర్వాత, చూపు ఉన్నప్పుడే బ్రెయిలీ మొదలెట్టించండి ఆంటీ. అందరూ "ఇప్పుడేం అవసరం, కనిపిస్తోందిగా" అంటారు, మా ఇంట్లోనూ అన్నారు. మన దేశ భాషలన్నిటికీ వాడే భారతి బ్రెయిలీలో తెలుగు 'క'కి, ఒడియా 'క'కి అవే చుక్కలు, ఒకటి వస్తే రెండో భాష చదవడం సగం వచ్చేసినట్టే, మనలాంటి ఊళ్ళలో ఇంతకంటే లాభం ఏముంది. సుగమ్య పుస్తకాలయ అని చూపు సరిగా లేనివాళ్ళకి ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, అందులో మెంబరు చేయించండి. టెన్త్ తర్వాత డిప్లొమా గానీ ఇంటర్ తర్వాత ఇంజినీరింగ్ గానీ అయితే ఏఐసీటీఈ సక్షమ్ స్కాలర్‌షిప్‌లో ఏడాదికి 50,000 వస్తుంది, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, అదీ గుర్తుపెట్టుకోండి.

పర్లాకిమిడి_అమ్మ
అందరికీ చాలా థాంక్స్. ఫీల్డ్ టెస్ట్ అనేది ఉందని ఎవరూ చెప్పలేదు మాకు. అన్నయ్యకి వద్దని చెప్పేస్తాను. ఇంకొక్క మాట, మా చిన్నోడు నాలుగో క్లాసు, వాడు కూడా ఈ మధ్య సాయంత్రం తడుముకుంటున్నాడు. ఒక ఇంట్లో ఇద్దరికి ఇస్తారా?

రాయగడ_నాన్న
ఇస్తారక్కా, ప్రీమెట్రిక్, పోస్ట్‌మెట్రిక్ ఒకే తల్లిదండ్రులకి ఇద్దరు పిల్లల దాకా ఇస్తారు. వాడు తొమ్మిదికొచ్చేసరికి ఇంకా టైముంది గానీ, పాపని టెస్ట్‌కి తీసుకెళ్ళేటప్పుడు వాణ్ణీ తోలుకెళ్ళి చూపించండి.