"చిత్తవైకల్యం" అన్న మాట ఇంట్లోవాళ్ళకి చెప్పగలమా?

గోదారిగట్టు: పేపర్లలో డిమెన్షియాకి చిత్తవైకల్యం అని రాస్తున్నారు కదా, ఈ మాటతో నాకో పేచీ. రెండేళ్ళ కిందట మా అమ్మకి ఈ జబ్బని తేలినప్పుడు పిన్నికి ఫోన్ చేసి ఇదే మాట చెప్పాను, "అక్కకి పిచ్చేంట్రా, నోరు కడుక్కో" అని పెట్టేసింది. సరే అని ఇంకొకాయనతో మతిమరుపు అన్నా, "ఓస్ అదా, నాకూ కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తుండదు" అని నవ్వాడు. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం వేరండీ, మా అమ్మ మొన్న కళ్ళజోడు చేత్తో పట్టుకుని ఇదేంట్రా అని అడిగింది. యాభై ఏళ్ళు పులుసు పెట్టిన మనిషి, చింతపండు నానేసి తర్వాతేం చెయ్యాలో తెలీక గిన్నె వంక చూస్తా నిలబడిపోయింది. ఒకటి మరీ పెద్ద మాట, ఇంకోటి మరీ చిన్న మాట, మధ్యలో ఏమన్నా ఉందా?

బెంగళూరు తెలుగోడు: మనింట్లో అసలు మాట చాదస్తం కదండీ. ఛందస్సంటే వేదం, ఛాందసుడంటే వేదం చదివినాయన, ఎక్కడ మొదలై ఎక్కడికి దిగిందో చూడండి. ఇక్కడ కన్నడంలో అయితే "అరవత్తక్కె అరళు మరళు" అనేస్తారు, అరవై వచ్చాక మతి తప్పడం మామూలే అన్నట్టు. అందుకే ఎవరూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళరు. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా ఇలాగే ఉండొచ్చు, అవి మందులతో సర్దుకునేవి.

పాలమూరు పిల్ల: మా దిక్కు యాదిమరుపు అంటం అన్నా. మా తాత గట్లనే ఉండె, ఎవ్వరు తప్పుగ అనుకోలే, కానీ దవఖానకు గూడ ఎవ్వరు తోల్కపోలే.

నిఘంటువు పురుగు: ఇంగ్లీషు మాటేం తక్కువ తినలేదు లెండి, లాటిన్‌లో విడదీస్తే డీ, మెన్స్, అంటే మనసు పోయినతనం. జపాన్‌లో పాత మాట చిహో, బుద్ధిహీనత లాంటి అర్థం, అది అవమానంగా ఉందని 2004లో ప్రభుత్వమే నిన్‌చిషో అని మార్చింది. నిన్‌చి అంటే ఎరుక, షో అంటే జబ్బు లక్షణం. నాకైతే మనం వదిలేసింది ఆ రెండో ముక్కే అనిపిస్తుంది. షుగర్ జబ్బు, గుండె జబ్బు అంటాం, మరి యాదిమరుపు జబ్బు అనడానికేం? కొందరికి మరుపు కంటే ముందు మాటతీరు, స్వభావం మారతాయి, అప్పుడు ఈ మాటా చాలదు, అది వేరే పేచీ.

గోదారిగట్టు: వాడి చూశానండీ. మేముండేది కూకట్‌పల్లి, పక్కింటావిడది వరంగల్. "అమ్మకి యాదిమరుపు జబ్బు" అన్నా, అట్లనా అని ఊరుకుంది. సాయంత్రం జాజులు తెచ్చి అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ ఆవిడ పేరు మూడుసార్లు అడిగింది, మూరెడు దండ మాత్రం ఒక్క ముడి తప్పకుండా కట్టేసింది.