అప్‌డేట్: తల్లిదండ్రులకు పాఠాల మెసేజ్ – ఆడియోతో పని జరిగింది

నాలుగో తరగతి లెక్కల్లో, పరిసరాల విజ్ఞానంలో ఏం చెబుతున్నానో వారం వారం వాట్సాప్ గ్రూపులో పెడుతున్నా ఎవరూ చదవట్లేదని, ఇంట్లో తీసివేతలు వేరే పద్ధతిలో చెప్పేసరికి పిల్లలు తికమకపడుతున్నారని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"రాయకండి, మాట్లాడండి" అన్నదే పనిచేసింది. మా ఊళ్లో చాలామంది అమ్మలు పనులకు వెళ్లేవాళ్లు. చదివే తీరిక ఉండదు గానీ ఆటోలో వస్తూ చిన్న ఆడియో వింటారు. దానికి తోడు ఒకే ఒక్క లెక్క ఫొటో. 403 – 178 పెట్టాను: 403ని 3 వందలు, 9 పదులు, 13 ఒకట్లుగా విడదీసి తీసేస్తే 225. మధ్యలో సున్నా ఉంటే అప్పు ఎక్కడ తేవాలన్న టెన్షన్ పోయింది. ఒక తాతయ్య అయితే "మేం పైన అంకె తగ్గించకుండా, కింద పక్క అంకెకు ఒకటి కలిపేవాళ్లం టీచరమ్మా, జవాబు అదే వస్తోంది కదా!" అని ఎదురు ఆడియో పంపారు. నిజమే, అదీ సరైన పద్ధతే. ఇప్పుడు క్లాసులో రెండూ పక్కపక్కన వేయిస్తున్నాను.

పరిసరాల విజ్ఞానం పాఠాలకు ఇంట్లో అడగాల్సిన ప్రశ్న ఒకటి చాలు. గ్రామ పంచాయతీ పాఠానికి "సర్పంచ్‌గా నిలబడాలంటే ఎన్నేళ్లుండాలి?" అని పంపాను. ఓటుకు 18, పోటీకి 21 అని తేలేలోపు కొన్ని ఇళ్లలో గట్టి వాదనే నడిచిందట.

మెసేజ్ ఏ టైముకి పెట్టినా తేడా కనిపించలేదు. డబ్బులు కట్టి వాడే యాప్ ఏదీ అక్కర్లేకపోయింది. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లకు నోట్‌బుక్ చివరి పేజీలో రాసి పంపుతున్నాను.